చాలా చిన్న పాపకి చొక్కా

ఫోన్లో వెతికితే కనబడే పేజీ పేరుకి అరవై అక్షరాలు, అటూ ఇటూగా అంతే, ఆపైన రాసిందంతా మూడు చుక్కలైపోతుంది, వెతికేవాళ్ల కంట పడదు, ఆ కాస్త చోటులో అక్క ఎన్ని మాటలు కూరిందో, నాణ్యమైన శిశు వస్త్రాలు, ఉత్తమ శిశు వస్త్రాలు, మేలురకం శిశు వస్త్రాలు, సంతలో అరుపులా ఉందక్కా అని చెల్లెలంటే, కుట్టుమిషను తొక్కడం ఆపకుండానే, అరవకపోతే ఎవరొస్తారే, ఏడాదైంది ఆ పేజీ పెట్టి, ఈగ కూడా వాలలేదు, ఊళ్లో అందరి పేజీలకీ పేర్లు పెడతావు, సొంత అక్కకొచ్చేసరికి తీరిక ఉండదు నీకు అంది, నిజమే, చెల్లెలు బతికేదే ఆ పని మీద, తాళాల కొట్టుకి, పళ్ల డాక్టరుకి, పరుపులాయనకి, ఎవరొచ్చినా మొదట అడిగేది ఒకటే, మిమ్మల్ని వెతికే మనిషి ఏమని టైపు చేస్తుంది అని, ఆ ముక్క అక్కని అడగడానికే నోరు రాదు, బల్ల నిండా అరచేతిలో ఇమిడే చొక్కాలు, గుండీలుండవు, పక్కన ముడేసుకునే దారాలు, ఒంటికి గొట్టాలున్నా తొడగొచ్చు, నెలలు నిండకుండా పుట్టిన పిల్లలవి, ఇవి అలాగే పడి ఉంటే నెలాఖరుకి గది ఖాళీ చేసి బట్టల ఫ్యాక్టరీలో చేరిపోతానంటోంది అక్క, చేతులు ఖాళీ లేవు ఆ ఫోనెత్తవే అంటోంది, చెల్లెలు ఎత్తింది, అవతల ఎవరో అమ్మాయి, చిన్న చొక్కాలు కుడతారటగా, నర్సమ్మ నంబరిచ్చిందండీ, మూడు రోజులుగా ఫోన్లో వెతుకుతున్నాను, ఏమని వెతికావమ్మా, అవతలి గొంతు సిగ్గుపడింది, చాలా చిన్న పాపకి చొక్కా అని కొట్టానండీ, బొమ్మల బట్టలొచ్చాయి.

బొమ్మల బట్టలా, చెల్లెలు పైకే అనేసింది, మిషను ఆగింది, ఆ రోజు చెల్లెలు వెతికినా అవే వచ్చాయి, వార్డు బయట ఇనుప కుర్చీ, అద్దం అవతల ఏడో నెలకే తొందరపడి వచ్చేసిన అక్క కూతురు, దానికో చొక్కా తేవే అని అక్క అడిగిందే అడుగుతుంటే, వెతికి వెతికి చివరికి బొమ్మ చొక్కానే తెచ్చింది, అక్క దాన్ని చెంపకి ఆనించి చూసుకుని, గరుకుగా ఉందే, గుచ్చుకుంటుందేమో పాపకి అంది, తొడగలేదు, ఉన్న పదకొండు రోజులూ పాప మెత్తటి గుడ్డలోనే ఉంది, ఆ తర్వాతే అక్క మిషను కొంది, ఎందుకని ఇంట్లో ఎవరూ అడగలేదు.

ఇప్పుడు ఫోను అక్క చెవి దగ్గరుంది, ఎంత బరువుందమ్మా పాప, ఏడుస్తోందా, ఏడుస్తోందంటే గట్టి పిండమే, భయపడకు, రేపు పొద్దున్నకల్లా నేనే తెచ్చిస్తాను, మెత్తగా ఉంటుందిలే, అక్క గొంతు ఇంత మెత్తనని చెల్లెలికి ఇవాళే తెలిసింది, చెల్లెలి వేళ్లు తన ఫోన్లో పేజీ పేరులోని శిశు వస్త్రాలన్నింటినీ చెరిపేసి కొత్తది కొడుతున్నాయి, చాలా చిన్న పాపకి చొక్కా, నెలలు నిండని పిల్లలకు మెత్తగా కుట్టినవి, అక్క భుజం మీంచి వంగి చదివి, ఇందులో ఉత్తమం అని లేదేమే అని గొణిగి, చాలా అన్న మాట మీద వేలు పెట్టి, ఇది మాత్రం తియ్యకే అంది, తియ్యనక్కా అంది చెల్లెలు, ఎలా తీస్తుంది, ఈ పేజీ ఇంకా పుట్టకముందే, ఆ ఇనుప కుర్చీలో కూర్చుని, సరిగ్గా ఆ మాటలతోనే, దీనికోసం అందరికంటే ముందు వెతికింది తనే.