జానెడు దారం

తప్పు దారానిదే అనుకుంటే మనసు కాస్త తేలికపడుతుంది, కానీ దారం తనంతట తాను పొట్టిదవదు కదా, అని టెస్టరు నిన్నటి నుంచి తనతో తాను వాదించుకుంటూనే ఉన్నాడు.

మూడు నెలలకోసారి ఈ సాఫ్ట్‌వేరు కంపెనీలోని పది జట్ల వాళ్ళూ ఈ హాల్లో చేరి రాబోయే పని పంచుకుంటారు. ఆ పనంతటినీ కలిపి రైలు అంటారు. ఒక పెట్టె ఆగితే వెనకవన్నీ ఆగుతాయి మరి. అన్ని జట్లనూ ఒక దారిలో నడిపించే ఆవిడకు గార్డమ్మ అని పేరు పెడితే ఆవిడా నవ్వుతూ పలుకుతుంది. గోడకు వేసిన పెద్ద అట్టమీద నిలువు గడులుంటాయి, ఒక్కో గడి రెండు వారాలు. ఏ పని ఎప్పుడు చెయ్యాలో ఆ గడిలో దాని చీటీ అంటిస్తారు. ఒక జట్టు పని పూర్తయితే తప్ప ఇంకో జట్టు పని మొదలవదంటే, ఆ రెండు చీటీలకూ ఎర్ర దారం కడతారు.

నిన్న అలా కడుతుంటే దారం జానెడు చాల్లేదు. దారపు ఉండ హాలు అవతలి కొసన గార్డమ్మ చేతిలో ఉంది. అంతమందిలో కేకేసి అడగడానికి నోరు రాలేదు. టెస్టింగు చీటీని అయిదో గడిలోంచి నాలుగో గడికి జరిపి ముడి వేసేశాడు. తర్వాత సర్దుదాం అనుకున్నాడు.

తర్వాత అన్నది రాలేదు. వ్యాపార విభాగం పెద్దాయన వచ్చి అట్ట చూసి, "టెస్టింగు రెండు వారాలు ముందే! శభాష్!" అని భుజం తట్టాడు. చుట్టూ చప్పట్లు. ఆ చప్పట్లు బాగున్నాయి. అదే అతణ్ణి ఎక్కువగా కుదిపేస్తున్న సంగతి.

రాత్రి అన్నం దగ్గర అక్కకు చెప్పాడు.

"దారం అడగలేక పని జరిపావా?" అక్క పొలమారేంత నవ్వింది. "చిన్నప్పుడు చుట్టాలింట్లో మంచినీళ్ళడగలేక దాహంతో పడుకున్నావు. ఏం మారావురా?"

"నవ్వకే. పోయినసారి గడువు చాలక మావాళ్ళు వరసగా మూడు ఆదివారాలు ఆఫీసులోనే ఉన్నారు. ఇప్పుడు మళ్ళీ నా వల్ల."

"అయితే రేపు చెప్పు. ఆవిడేం కొరుక్కు తినదుగా!"

పొద్దున హాల్లోకి రాగానే జట్టులో చిన్నదైన అమ్మాయిని అడిగాడు, నాలుగో గడి సంగతి గమనించావా అని. ఆమె తిట్టినా బాగుండేది.

"చూశానన్నా. నువ్వు పెట్టావంటే ఏదో లెక్క ఉండే ఉంటుందని ఊరుకున్నా."

ఇప్పుడు గార్డమ్మ కుర్చీ ఎక్కి నిలబడింది. "ఈ ప్రణాళిక జరుగుతుందని ఎంత నమ్మకమో వేళ్ళతో చూపించండి. అయిదంటే పూర్తి నమ్మకం. రెండో ఒకటో చూపిస్తే ఎందుకో చెప్పాలి, అందరం కలిసి సరిచేద్దాం. మొహమాటానికి చేతులెత్తి మూడు నెలలూ నన్ను తిట్టుకోకండి. ఆ తిట్లేవో ఇప్పుడే కానిచ్చేయండి!"

హాలంతా నవ్వులు. చేతులు లేచాయి. టెస్టరు చెయ్యి కూడా అలవాటు కొద్దీ లేచింది, అయిదు వేళ్ళతో. పెద్దాయన దూరం నుంచే చూసి తల పంకించాడు. అయిపోయింది, ఇంకేముంది, అనుకుంటుండగా పక్కనున్న అమ్మాయి చెయ్యి కంటపడింది. నాలుగు వేళ్ళు. ఆమె అతని చేతికేసి చూసింది, ఓ క్షణం ఆగింది, మడిచి ఉన్న బొటనవేలును కూడా తెరిచింది.

తన చెయ్యి అబద్ధం చెబితే అది తన దగ్గరే ఆగదని అతనికి అప్పుడు తెలిసింది. విచిత్రం, భయం పెరగాల్సింది పోయి తగ్గింది. గార్డమ్మ చూపు ఒక్కో వరసనూ దాటుకుంటూ ఇటే వస్తోంది. దారపు ఉండ ఇంకా ఆవిడ ఎడమ చేతిలోనే ఉంది.

అతను బొటనవేలు మడిచాడు. తర్వాత చిటికెనవేలు, దాని పక్కది. మిగిలిన రెండు వేళ్ళూ ఆవిడకు బాగా కనబడేలా చెయ్యి ఇంకాస్త పైకెత్తాడు.