వెదురు పూసింది

కాలవగట్ల మీద ముళ్ళ వెదురు, నల్లమల కొండల్లో గుల్లలేని గట్టి వెదురు. ఏ జాతి ఎక్కడ పెరుగుతుందో జ్యోతిర్మయికి కంఠతా వచ్చు. బాపట్ల కాలేజీలో ఆవిడ చెప్పేది ఆ పాఠమే. రేపల్లె దగ్గర అడవులదీవిలో గంగరత్నం పెరట్లోని పొద ఒక్కటే ఆవిడకు కొరుకుడు పడలేదు. ముళ్ళ వెదురనుకుందామంటే ముళ్ళు లేవు, కొండ వెదురనుకుందామంటే గడ గుల్ల. గంగరత్నం మొగుడు నాంచారయ్య పడవకు గడలు కొనడానికి గోదావరి మన్యం వెళ్ళి, వస్తూ ఒక దుంప తెచ్చి నాటాడట. తర్వాత కొన్నేళ్ళకు సముద్రం మీద వేటకు వెళ్ళినవాడు తిరిగి రాలేదు.

ఆకునీ కణుపునీ చూసి జాతిని ఊహించొచ్చు గానీ, పువ్వు చూస్తే గానీ ఖాయంగా చెప్పలేం. అందుకని రేపల్లె వైపు వచ్చినప్పుడల్లా జ్యోతిర్మయి ఆ పెరట్లోకి తొంగిచూసి, పూత కనబడితే ఫోన్ చెయ్యమని చెప్పి వెళ్ళేది. పూస్తే ఏమవుతుందో మాత్రం చెప్పలేదు. గంగరత్నం అడగలేదు కదా అనుకుంది. చదువుకున్నవాళ్ళకు ఇలాంటి సాకులు బాగానే దొరుకుతాయి.

ఈ మాఘంలో ఫోన్ వచ్చింది. పరుగున వెళ్ళేసరికి ప్రతి గడకీ వరి వెన్నుల్లా పూత వేలాడుతోంది. లెన్సు పెట్టి చూసి, జాతి తేలిపోయిందని జ్యోతిర్మయి చిన్నపిల్లలా సంబరపడింది. గంగరత్నం కూడా నవ్వింది. అమ్మాయికి పువ్వు కనబడాలని గంగమ్మకి మొక్కుకున్నానని, పొద్దున్నే వెళ్ళి కొబ్బరికాయ కొట్టొచ్చానని చెప్పింది.

ఆ మాటకి జ్యోతిర్మయి లెన్సు పక్కన పెట్టేసింది. ఇంక దాచడం పాపమనిపించింది.

"వెదురు బతుకులో ఒక్కసారే పూస్తుంది పెద్దమ్మా. గింజ రాలాక పొదంతా ఎండిపోతుంది."

గంగరత్నం గడ మీద చెయ్యి వేసింది.

"శవం దొరక్క ఆయనకి పాడె కట్టలేదమ్మా. నాకైనా ఆయన నాటిన పచ్చిగడలతో కట్టించుకుందామనుకున్నాను. ఇది నాకంటే ముందు పోతుందని తెలిస్తే మొక్కుకునేదాన్నా?"

జ్యోతిర్మయికి సిగ్గుతో ఏడుపొచ్చింది.

ఎండలు ముదిరాక మళ్ళీ వెళ్ళింది. పొద ఎండి గలగలమంటోంది. గంగరత్నం రాలిన గింజలు ఏరి చాటలో పోసుకుంది. సగం కాలేజీకి తీసుకెళ్ళమని తనే జ్యోతిర్మయి సంచిలో పోసింది. మిగతావి నాటితే పాడెకి పనికొచ్చే గడ రావడానికి ఎన్నాళ్ళు పడుతుందని అడిగింది.

"ఎనిమిది, పదేళ్ళు పడుతుంది పెద్దమ్మా."

గంగరత్నం కొంగు దోపుకుని గునపం అందుకుంది.

"అయితే అప్పటిదాకా ఉంటాను. నువ్వెళ్ళి బిందెతో నీళ్ళు పట్టుకురా."