జానయ్య సారు మూడో పుస్తకం

జానయ్య సారు పోయిన నాలుగు నెలలకు గానీ నేను మర్రిగూడ దగ్గరి వాళ్ల ఊరికి వెళ్లలేదు. ఎందుకు ఆలస్యమైందంటే చెప్పడానికి కారణాలకేం కొదవ? పరీక్షలు, పేపర్లు దిద్దడం, మా ప్రిన్సిపాల్ పెట్టే దిక్కుమాలిన మీటింగులు. వాటిలో ఒక్కటీ పనికొచ్చే కారణం కాదు. నల్గొండలో పొద్దున్నే బస్సెక్కితే సాయంత్రానికి తిరిగి వచ్చేయొచ్చు.

సారు మాకు కాలేజీలో చరిత్ర చెప్పారు. వయసులో ఉండగా స్కాలర్‌షిప్ మీద మాస్కో వెళ్లి ఆరేళ్లు చదువుకున్నారు. రష్యన్ సాహిత్యం మీద ఒకటి, అక్కడి రైతుల చరిత్ర మీద ఒకటి, తెలుగులో రెండు పుస్తకాలు రాశారు. రెండూ అచ్చయ్యాయి. రెండూ చదివినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, ఆ సంగతి తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. మూడోది పెద్దది. ఆ రష్యన్ రచయితలను వాళ్ల కాలంతో, కరువులతో, యుద్ధాలతో కలిపి చెప్పే పుస్తకం. "మన ఊరోళ్లకు సమజయ్యేటట్టు రాస్తున్నరా గోపీ. వాళ్ల రైతుల గోస వెట్టి చేసిన మనకు తెల్వకపోతే ఇంకెవలకు తెలుస్తది?" అనేవారు.

ఆ పుస్తకం రాసిన తీరే వేరు. చిన్నప్పుడు తాగిన బావి నీళ్లలోని ఫ్లోరైడ్, రిటైరయ్యే నాటికి ఆయన మెడనూ వెన్నునూ కర్రలా బిగించేసింది. ఇప్పుడు ఆ ఊళ్లో నల్లాలకు కృష్ణా నీళ్లు వస్తున్నాయి. ఆయన ఎముకలకు మాత్రం ఆలస్యమైపోయింది. బల్ల ముందు కూర్చుని కాగితం మీదికి వంగలేకపోయేవారు. అందుకని మంచం మీద వెల్లకిలా పడుకుని, రష్యన్ పుస్తకాన్ని మొహానికి ఎదురుగా ఎత్తి పట్టుకుని, దాని అంచుల్లోనే తెలుగులో రాసేవారు. అట్లా పైకి పట్టి రాస్తే పెన్నులోంచి సిరా దిగదు. అందుకే పెన్సిల్. చీమ తలకాయంత అక్షరాలు. ఒక పుస్తకంలో జాగా అయిపోతే ఇంకో పుస్తకం. పదేళ్లలో అరవై మూడు పుస్తకాలు అట్లా నిండాయి. "నువ్వొచ్చి పక్కన కూసో. నేను వరుస చెప్త, నువ్వు సాపు రాయి" అని ఫోన్ చేసేవారు. వేసవి సెలవుల్లో వస్తానన్నాను. అట్లా నాలుగు వేసవులు అన్నాను.

దినాలు అయిపోయాక ఆయన భార్య గోవిందమ్మ గారు ఫోన్ చేసింది. "గీ పుస్తకాలు ఏం జేద్దాం బిడ్డా? పాత సామానోనికి ఇయ్యబుద్ధి అయితలేదు" అంది. హైదరాబాద్‌లో ఒక లైబ్రరీ వాళ్లను అడిగాను. రాతలూ గీతలూ ఉన్న పుస్తకాలు తీసుకోబోమన్నారు. ముందు నేను వెళ్లి అంచుల్లో ఉన్నదంతా ఎత్తి రాసుకోవాలి, ఆ తర్వాత వాళ్లను బతిమాలుకోవాలి అనుకున్నాను. అదంతా నా మనసులోనే అనుకున్నాను. ఆమెతో మాత్రం, "రాతలున్న పుస్తకాలు తీసుకోరటమ్మా, నేనొచ్చి చూస్తాను" అన్నాను. అప్పటిదాకా ఆగమని చెప్పానో లేదో, ఎంత గింజుకున్నా గుర్తు రావడం లేదు.

నేను వెళ్లేసరికి సారు మంచం మీద పుస్తకాలు దొంతరలుగా పేర్చి ఉన్నాయి. గోవిందమ్మ గారి మొహంలో, ఆయన పోయాక మొదటిసారి, కాస్త కళ కనిపించింది.

"ఇగో సూడు. ఒక్క గీత లేదు. ఇప్పుడెట్ల తీస్కోరో నేను గూడ చూస్త."

పైనున్న పుస్తకం తెరిచాను. అచ్చు చుట్టూ అంచులన్నీ తెల్లగా ఉన్నాయి. కుట్టు దగ్గర రబ్బరు పొట్టు ఇరుక్కుని ఉంది. రెండోది తెరిచాను. అయిదోది, పదోది తెరిచాను. అన్నీ అంతే.

"మా బిడ్డ శ్రీవాణి బడి పుస్తకాలు గిట్లనే తుడిచేదాన్ని" అని ఆమె చెప్పుకుపోతోంది. "ఎండకాలం సెలవులు రాంగనే తుడిచి, అట్టలేసి, కింది క్లాసు పిల్లలకు ఇచ్చేటోళ్లం. మనం రాసిన రాతలు ఇంకొకల నెత్తిన పెడ్తమా? ముందుగాల తడిబట్ట పెడదామనుకున్న. కాయిదం పాతదాయె, చినుగుతదని రబ్బర్లు తెప్పించిన. రోజుకొక్క పుస్తకం. శ్రీవాణి ఫోన్ల తిట్టింది, చేతులు పోతయే అని. పోతే పోనీ, ఆయన పుస్తకాలు మంచి జాగల ఉండాలె గద."

గోవిందమ్మ గారికి చదువు రాదు. సారు నేర్పుతానంటే, "ఇద్దరికి సరిపోయేంత నీకే ఉన్నది" అని తప్పించుకునేదట. నోటిదాకా వచ్చింది నాకు, ఎంత పని చేశావమ్మా అని అరవాలని. ఆమె కుడిచేతి బొటనవేలు కనిపించింది. కొన దగ్గర చర్మం లేచిపోయి ఎర్రగా ఉంది. అరవాల్సింది ఆమె మీద కాదని నాకు బాగా తెలుసు. ఏ ఒక్క వేసవిలో నేను వచ్చినా ఆ పుస్తకం బతికేది.

పుస్తకం పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లి, వెలుగుకు ఏటవాలుగా తిప్పి చూశాను. చెయ్యెత్తి రాసే మనిషి పెన్సిల్‌ను గట్టిగా ఒత్తలేడు. ఎక్కడా గంటు పడలేదు. ఒక్క పేజీలో మాత్రం, సరిగా చెరగని చోట, "ఆ ఏడు కూడా వాన" అన్నంతవరకు కంటికి ఆనింది. రష్యాలో వానో, మర్రిగూడలో వానో. ఆ తర్వాత ఏమీ లేదు.

"ఇంకేమన్న మిగిలిందా?" అంటూ ఆమె రబ్బరు తీసుకుని లేచింది. "ఇటు తే, తుడుస్త."

"ఏం లేదమ్మా. శుభ్రంగా ఉంది."

పుస్తకం మూసేశాను. ఆమె చాయ్ పెట్టి తెచ్చి, ఎదురుగా గడప మీద కూర్చుంది.

"మొదటి రెండు పుస్తకాలు రాసినప్పుడు గిట్ల లేకుండె" అంది. "బల్ల మీద తెల్ల కాయిదాలు, సిరా బుడ్డి. నేను గిన్నె చప్పుడు చేసినా కోపానికొచ్చేటోడు. ఈ మూడోదానికి కాయిదాల కట్ట తెప్పించిండు, కట్ట ఇప్పనేలేదు. పండుకోని సదువుడు, సదివినకాడ పెన్సిల్‌తోని గీతలు గీసుడు, గంతే. మరి రాస్తున్నవా అంటే, ఇయ్యాల రెండు పేజీలైనయి, ఇయ్యాల మూడైనయి అనేటోడు. ఏవయ్యా పేజీలు అంటే నవ్వేటోడు. ఆఖరుకు నాకు ఇసుగొచ్చి అననే అన్న, నీ పుస్తకం వట్టిదే అని. అన్న నాలుగు రోజులకే పాయె."

ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నా వైపు చూసింది.

"అనకపోతును బిడ్డా. గదొక్కటి నన్ను తింటాంది. నీకైతె అన్ని చెప్పేటోడు గద. నిజం చెప్పు. రాసిండా? మొదలన్న పెట్టిండా?"

రాశారు అంటే, మరి ఏది అని అడుగుతుంది. అడిగితే చూపించడానికి ఆ మంచం మీది దొంతరలు తప్ప ఇంకేం లేవు. పదేళ్లు నొప్పిని పళ్ల బిగువున ఓర్చుకుని మనిషి చేసిన పని, దాన్ని చేశాడని చెప్పడానికి ఈ లోకంలో నేనొక్కణ్ణే మిగిలాను.

"లేదమ్మా" అన్నాను. "మొదలుపెట్టలేదు."

ఆమె పెద్దగా ఊపిరి వదిలింది. కళ్లు తుడుచుకుంది.

"అయితే నేను అన్నదాంట్ల తప్పు లేదు. పదేండ్లు నాతోని అబద్ధమే చెప్పిండు పిచ్చోడు" అంది, జాలిగా.

అవునమ్మా, అన్నాను.