ఐదు నక్షత్రాల ఫిర్యాదు

నూట పద్నాలుగో అభిప్రాయం దగ్గర నక్షత్రాల బాబాయి కళ్ళద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. "మా ఆయనకంటే ఈ పెట్టె నయం. దారి తప్పితే తప్పానని ఒప్పుకుంటుంది" అని ఎవరో ఇల్లాలు రాసింది. ఐదు నక్షత్రాలు. బాబాయి తనలో తను నవ్వుకుని తెర మీద 'మెప్పు' అన్న గడి నొక్కాడు. నూట పదిహేనోది: "నెట్ ఉన్నంతసేపూ వసపిట్టలా వాగుతుంది. నెట్ పోతే నసుగుతుంది. అయినా మంచిదే." ఇదీ ఐదే. ఇదీ మెప్పే.

టైర్ల కొట్టు పైన మూడో అంతస్తులో ఉంది ఆ ఆఫీసు. కారు అద్దం కింద అంటించుకుంటే నెట్ ఆధారంగా దారి చెప్పే చిన్న పెట్టెను ఆ కంపెనీ అమ్ముతుంది. కొన్నవాళ్ళు తమకేమనిపించిందో రాసి, ఒకటి నుంచి ఐదు దాకా నక్షత్రాలు వేస్తారు. మూడు, అంతకు తక్కువ వస్తే అది ఫిర్యాదు. ఎర్ర జాబితాలోకి పోతుంది. దాన్ని పక్క బల్ల అమ్మాయి చూస్తుంది. నాలుగో ఐదో వస్తే మెప్పు, అది బాబాయి వాటా. మెప్పుల్లోంచి ప్రకటనకు పనికొచ్చే ముక్క ఒకటి ఏరి పైకి పంపితే ఆయన పని అయిపోతుంది. అందుకు మొదటి వాక్యం చాలు. పొగడ్తను చివరిదాకా చదవమని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఆయన మాత్రం చుక్క దాకా చదివేవాడు. అంతకుముందు ముప్ఫై ఏళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన కళ్ళు అవి. వాక్యం మొదలైతే ముగిసేదాకా పక్కకు తిరగవు. మనిషి సన్నగా, కాస్త ముందుకు వంగి ఉంటాడు. కుడిచేతి మధ్యవేలి మీద పెన్సిలు ఒరిపిడికి కాయ కాసింది. ఇప్పుడు పనంతా తెర మీదే అయినా బల్ల మీద ఒక పొడుగు నోటుబుక్కు, ఒక పెన్సిలు ఉంచుకున్నాడు. ఏ గడిలోనూ ఇమడని వాక్యాలను అందులో ఎక్కించుకుంటాడు. అడిగి తీసుకున్నవాళ్ళు తిరిగి ఇవ్వరని చేరిన కొత్తలోనే పెన్సిలుకు గట్టి దారం కట్టి, రెండో కొస బల్ల కాలికి ముడేశాడు. అరిగిపోయినప్పుడల్లా పెన్సిలు మారింది గానీ బల్ల కాలి దగ్గర ముడి పదకొండేళ్ళుగా అదే.

ఆ రోజుతో ఆయన ఉద్యోగం ఆఖరు. నాలుగింటికి టీ, బిస్కెట్లు, నాలుగు మంచి మాటలు ఉన్నాయని అందరికీ తెలుసు. పొద్దున బయలుదేరుతుంటే భార్య క్యారేజీ చేతికిస్తూ, "ఇవాళైనా పెందలాడే రండి" అంది. సరేనన్నాడు. కానీ ఆయన మనసు టీ మీదా లేదు, ఇంటి మీదా లేదు. ఒక వంతెన మీద ఉంది.

ఇళ్ళకు వెళ్ళి రోగులను చూసే నర్సు ఒకావిడ ఈ పెట్టె కొనుక్కుంది. ఇప్పటికి నాలుగుసార్లు రాసింది, నాలుగుసార్లూ ఐదు నక్షత్రాలే వేసింది. మొదటి వాక్యం ఎప్పుడూ ఒకటే: "చాలా మంచి పెట్టె, గొంతు చల్లగా ఉంటుంది." తర్వాత నాలుగైదు వాక్యాల పొగడ్త. అసలు సంగతి అడుగున ఉంటుంది. రాళ్ళ క్వారీ దాటాక నెట్ అందదు. అప్పుడు పెట్టె తన కడుపులో దాచుకున్న పాత పటం చూసి దారి చెబుతుంది. ఆ పటంలో వాగు మీద వంతెన ఉంది. నిజానికి వంతెన కొట్టుకుపోయి ఏడాదైంది. "నాకు తెలుసు కాబట్టి ముందే పక్కకు తిప్పుకుంటాను. తెలియనివాళ్ళ సంగతేమిటో చూడగలరు" అని రాసింది మొదటిసారి. నాలుగోసారి రాసింది వేరు. "పోయిన వారం కొత్తవాళ్ళ వ్యాను ఒకటి అంచుదాకా వచ్చింది. అడ్డంగా కట్టిన తాడు ఎప్పుడో తెగిపోయింది. గొర్రెలు కాసుకునే ఆయన చేతులూపబట్టి ఆగారు. వ్యాన్లో పసిపిల్లలున్నారు."

బాబాయి మూడుసార్లు పైకి రాశాడు. మూడుసార్లూ ఒకటే జవాబు వచ్చింది: ఐదు నక్షత్రాలు, ఫిర్యాదు కాదు, ముగించడమైనది. పెట్టె కడుపులోని పటాన్ని మూడు నెలలకొకసారి మారుస్తారు. ఈసారి దిద్దుబాట్ల జాబితా ఆ సాయంత్రం ఐదింటికి మూసేస్తారు. అది దాటితే మళ్ళీ మూడు నెలలు. ఈలోగా వానలు మొదలవుతాయి.

ఇలాంటి తప్పు ఆయనకు కొత్త కాదు. పెళ్ళయిన నాలుగేళ్ళకు, అచ్చాఫీసులో బస్సు వేళల కార్డొకటి దిద్దాడు. ఎనిమిదీ పది అని ఉండాల్సిన చోట తొమ్మిదీ పది అని పడింది. ఆయన చూసేసరికి కార్డు అచ్చు మిషనెక్కింది. ఫోర్‌మన్, "పోనీలేవయ్యా, ఒక్క అంకెకు ఊరేం మునిగిపోదు" అన్నాడు. ఈయన సరేనని ఊరుకున్నాడు. పది రోజులు తిరక్కుండా భార్య ఆ కార్డే చూసుకుని, జ్వరంతో కాలిపోతున్న చంటిదాన్ని భుజాన వేసుకుని బస్టాపులో నిలబడింది. బస్సు అప్పటికే వెళ్ళిపోయింది. మళ్ళీ బస్సు మధ్యాహ్నానికి గానీ రాలేదు. పిల్ల బతికింది, చక్కగా పెరిగింది, ఇప్పుడు తనకే ఇద్దరు పిల్లలు. కానీ ఆ సాయంత్రం కార్డులో తప్పు తనకు ముందే తెలుసని ఆయన నోరు జారినప్పుడు, భార్య గట్టిగా ఒక్క మాటైనా అనలేదు. "చూసి కూడా ఊరుకున్నారా?" అని మాత్రం అడిగింది. ఆ ప్రశ్నకు ఆయన ఇంతవరకూ జవాబు చెప్పలేకపోయాడు.

భోజనాల వేళ అందరూ లేచాక ఆయన ఆఫీసు ఫోను దగ్గరికి లాక్కుని నర్సుకు చేశాడు.

"పెట్టె ఆఫీసు నుంచమ్మా. మీ అభిప్రాయాలు చదివేవాణ్ణి."

"చదువుతారా? నిజంగానా? ఎవరూ చూడరేమో అనుకుంటూనే రాశానండీ."

"నాలుగూ చదివానమ్మా. ఒక్క సాయం చెయ్యాలి. నక్షత్రాలు తగ్గించండి. ఒకటి ఉంచితే చాలు."

"ఒకటా? అయ్యో, అంత మాట ఎలా అంటానండీ? ఒంటరి దారిలో నాకు తోడు అదొక్కటే. పాపం కష్టపడి చేసినవాళ్ళని అలా కించపరచడానికి నాకు చెయ్యి రాదు."

"కించపరచడం కాదమ్మా, మా రూలు అలా ఏడిసింది. ఎక్కువేస్తే మీ మాట ఎవరి చెవికీ ఎక్కదు."

"మీరింతగా అడుగుతున్నారు కాబట్టి నాలుగు వేస్తాను. డ్యూటీ దిగాక, సాయంత్రం. అంతకు మించి నా వల్ల కాదండీ."

నాలుగు కూడా మెప్పే. బాబాయికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మర్యాదస్తుల ఫిర్యాదు మర్యాదగానే మట్టిలో కలిసిపోతుందన్నమాట. ఆవిడకు నమస్కారం చెప్పి, క్యారేజీ మూత కూడా తీయకుండా కింది అంతస్తుకు దిగాడు.

అక్కడ పటాలు దిద్దే ఆయన గోడంత తెర ముందు కూర్చుని ఉన్నాడు. అంతా విని తల గోక్కున్నాడు. "నువ్వు చెప్పేది నిజమే బాబాయ్. నెట్‌లో ఉన్న పటంలో వంతెన ఎప్పుడో తీసేశాం. కడుపులో పటం మాత్రం ఎర్ర జాబితాలో కాగితం లేందే ముట్టుకోకూడదు. నోటిమాట మీద ముట్టుకుంటే రేపు నీ వెనకాలే నేనూ ఇంటికే. కాగితం తెప్పించు, రెండు నిమిషాల పని."

మేనేజరమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఆయన కూతురి ఈడు మనిషి, చెడ్డది కాదు, ఊపిరాడని పనిలో ఉంది. "రూల్ నేను పెట్టింది కాదు బాబాయ్ గారూ. ఆఖరి రోజు కూడా ఎందుకీ తలనొప్పి? హాయిగా వెళ్ళండి" అంది.

హాయిగా వెళ్ళడం ఆయనకు చేతకాలేదు. తన బల్ల దగ్గరికొచ్చి పెన్సిలుతో నోటుబుక్కులో 'వంతెన' అని రాసి, దాని కింద మూడు గీతలు గీశాడు. అచ్చాఫీసులో అలా గీస్తే, ఈ తప్పు దిద్దేదాకా పేజీ కదలకూడదని అర్థం.

నాలుగింటికి అందరూ చుట్టూ చేరారు. "రాజీనామా కాదు, విరమణ" అని నవ్వుతూ మేనేజరమ్మ కాగితం ముందుకు తోసింది. ఆయన సంతకం పెట్టాడు. "ఈ క్షణం నుంచి మీరు మా ఉద్యోగి కారు, మా పెద్దదిక్కు" అంది. తర్వాత రంగుకాగితం చుట్టిన కానుక చేతిలో పెట్టింది. విప్పి చూస్తే దారి చెప్పే పెట్టె. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, సైకిలైనా లేని మనిషికి కారు పెట్టె. ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన కూడా నవ్వబోయి ఆగాడు. పెట్టె అడుగున నంబరు చూశాడు. తన సంతకం తడి ఆరని కాగితం చూశాడు. టీ కప్పు పక్కన పెట్టేశాడు.

కంపెనీ మనుషులు అభిప్రాయం రాయకూడదు. ఇప్పుడు ఆయన కంపెనీ మనిషి కాడు. పెట్టె ఉన్న ప్రతివాడూ కస్టమరే.

మిగిలిన బిస్కెట్ల మీద అందరూ పడ్డాక ఆయన తన బల్ల మీదే పెట్టెకు కరెంటు పెట్టి, నంబరు కొట్టి, తన పేరు మీద నమోదు చేసుకున్నాడు. నెట్ ఆపేశాడు. క్వారీ దగ్గర బయలుదేరి వాగు అవతలి ఊరికి దారి చూపమన్నాడు. పెట్టె చల్లని గొంతుతో, "సూటిగా వెళ్ళండి" అంది. మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే చెప్పింది. వంతెన తెర మీద నిక్షేపంలా ఉంది.

ఆయన అప్పుడు తన జన్మలో మొదటి అభిప్రాయం రాశాడు. "నాకు కారు లేదు. బల్ల మీద పెట్టి, నెట్ ఆపి చూశాను. క్వారీ దాటాక లేని వంతెన మీద సూటిగా వెళ్ళమంటోంది. వంతెన పోయి ఏడాదైందని ఒక నర్సమ్మ నాలుగుసార్లు రాసింది. నాలుగుసార్లూ నేను చదివాను." నక్షత్రాల దగ్గర వేలు ఒక్క క్షణం ఆగింది. పదకొండేళ్ళు మెప్పులు నొక్కిన వేలు కదా. తర్వాత ఒక్కటంటే ఒక్కటి నొక్కింది.

పక్క బల్ల మీద టింగుమంది. ఎర్ర జాబితా అమ్మాయి చదివి తలెత్తింది. "బాబాయ్, ఇది మీరేనా?"

"నేను కస్టమర్నమ్మా. ఐదుకు పావుగంటుంది, కాస్త చూడు."

ఆ అమ్మాయి గొంతు విని మేనేజరమ్మ వచ్చింది. భుజం మీదుగా వంగి చదివింది. "మన నెల సగటు పడిపోతుంది బాబాయ్ గారూ."

"పడనివ్వండమ్మా. అది పడితే మళ్ళీ లేస్తుంది."

ఆవిడ ఆయన రాసింది మొదటినుంచీ చివరిదాకా ఇంకోసారి చదివింది. ఇలా చివరిదాకా చదవడం ఆవిడకు అలవాటు లేదని కళ్ళు కదిలే తీరులోనే తెలిసిపోతోంది. "కిందికి పంపించు" అంది అమ్మాయితో.

ఐదుకు నాలుగు నిమిషాలుండగా కింది నుంచి ఫోనొచ్చింది. వంతెన తీసేశారు. బాబాయి పక్క బల్ల తెర మీద వాగును చూశాడు. దాని మీద గీత లేదు. దారి క్వారీ దగ్గరే ఎడమకు తిరిగి, చుట్టూ పోయి ఊరు చేరుతోంది. ఇంటికెళ్ళగానే భార్యకు ఏం చెప్పాలో ఆయనకు తెలిసింది. ముప్ఫై ఏళ్ళు దాటి ఆలస్యమైన జవాబు. ఆలస్యమైనా చెప్పాల్సిందే.

నోటుబుక్కు, కళ్ళద్దాల డబ్బా, తెరవని క్యారేజీ, కానుక పెట్టె సంచిలో సర్దుకున్నాడు. పెన్సిలు తీసుకుందామని వంగి బల్ల కాలి దగ్గర ముడి విప్పబోయాడు. చెమట, దుమ్ము పట్టి అది రాయిలా బిగుసుకుంది. అమ్మాయి కత్తెర ఇవ్వబోయింది. "ఉండనీలే తల్లీ" అని లేచాడు. కుర్చీని బల్ల కిందికి తోసి, తన సీటు దగ్గర లైటు ఆర్పి, మెట్ల వైపు నడిచాడు. వెళ్ళొస్తానని ఎవరితోనూ ప్రత్యేకంగా చెప్పలేదు.

ఆయన మెట్లు దిగుతుండగానే ఆయన తెర మీద కొత్త అభిప్రాయం వచ్చింది. నాలుగు నక్షత్రాలు. "చాలా మంచి పెట్టె, గొంతు చల్లగా ఉంటుంది" అని మొదలైంది. అమ్మాయి నక్షత్రాలు చూసి మెప్పు గడి మీదికి వేలు తీసుకెళ్ళి, ఆగి, కుర్చీ అటు లాక్కుని చివరిదాకా చదివింది. తర్వాత రాసుకోవడానికి ఏమైనా దొరుకుతుందేమోనని తడిమింది. బల్ల అంచున, చేతి జిడ్డుకు నల్లబడిన దారానికి, పంటి గాట్లు పడ్డ పొట్టి పెన్సిలు ఇంకా మెల్లగా ఊగుతోంది.