పుక్కిలి కడిగిన చేపలు

హులిగెమ్మ చేతికి చేప తగిలితే చాలు, కళ్లు మూసుకునే అది ఏ జాతిదో చెప్పేస్తుందని గుమ్మరాళ్లలో అందరూ అనేవాళ్లు. రాజధాని కర్నూలు వదిలి హైదరాబాదుకు తరలిపోయిన మరుసటి ఎండాకాలంలో ఆ వేళ్లకు తీరిక లేని పని పడింది.

చెరువంతా ఎండి నెర్రెలిచ్చింది. తూము ముందర ఒక్క మడుగు మాత్రం మిగిలింది. ఊళ్లో ఉన్న చేపలన్నీ ఆ మడుగులోనే, ఊళ్లో ఉన్న బెస్తలందరూ ఆ మడుగు చుట్టూనే.

"వాన పడేలోపల దీంట్లో జిలేబి ఒక్కటి మిగలగూడదు. మిగిలిందా, చెరువు దానిది, గనిలో సుత్తి మనది" అన్నాడు ఆమె మొగుడు నాగన్న, వల భుజానికెత్తుకుంటూ.

అతను ఊరికే అన్న మాట కాదది. హులిగెమ్మ పుట్టిల్లు పైనున్న కొండపేట. ఎవరో ఆఫీసరు జీపులో కుండలు తెచ్చి అక్కడి చెరువులో కొత్త చేపపిల్లల్ని వదిలాడు. ఆయన తిలాపియా అన్నాడు, జనానికి జిలేబి అని వినిపించింది. మొదటి ఏడు వలలు బరువెక్కితే అందరూ సంబరపడ్డారు. తర్వాత చేపలు పుట్టలు పుట్టలుగా పెరిగాయి గానీ, ఒక్కటీ వేలెడు మించి ఎదగలేదు. తాతల నాటి నుంచి చెరువులో ఉన్న మూరెడు పొడవు గండిపరిగె కనబడకుండా పోయింది. ఆ ముళ్ల పొట్టి చేపల్ని బేతంచెర్ల స్టేషను ముందర దించితే దారిన పోయేవాళ్లు బుట్ట వైపు కూడా చూడలేదు. కొండపేట బెస్తలు ఒక్కరొక్కరే బండల గనికి పోయారు. హులిగెమ్మ తమ్ముడు నరసన్న కూడా పోయాడు. ఇప్పుడు వాడు మాట్లాడే ముందు ఒకసారి, మాట్లాడినాక ఒకసారి దగ్గుతాడు. ఉమ్మితే తెల్లగా రాతిపిండి పడుతుంది.

పోయిన వానల్లో కొండపేట అలుగు పారి, జిలేబి గుమ్మరాళ్లకు దిగింది. నాగన్నను కూడా గని మింగకుండా ఉండాలంటే ఈ మడుగు శుభ్రపడాలి. హులిగెమ్మకు అంతకు మించిన ఆలోచన లేదు.

మగవాళ్లు వల లాగుతారు. ఆడవాళ్లు మోకాటి లోతు నీళ్లలో నిలబడి ఏరుతారు. గండిపరిగెను మడుగులోకి వదిలేయాలి, జిలేబిని గట్టు మీదికి విసిరి చంపాలి. బురదనీళ్లలో రెండూ ఒకే రంగులో ఉంటాయి కనక చూపు కంటే వేలే నయం.

"మూతి కొసల్లో మీసాలు తగిలితే మనది" అని హులిగెమ్మ పక్కవాళ్లకు నేర్పింది. "తోక రెండుగా చీలిందా, మనది. వీపు మీద మెడకాడ్నించి తోకదాకా ముళ్ల దువ్వెన పెట్టినట్టుందా, పరాయిది. అనుమానమొస్తే పక్కనున్న గీత చూడండి. మన పరిగెకు మొప్ప నుంచి తోకదాకా ఒకటే దారం. జిలేబికి సగంలో తెగిపోయి, కింద మళ్లా మొదలైతాది."

"మీసాలుంటే మనోడు, లేకుంటే పరాయోడు" అని వల్లె వేసింది పక్కింటి విశ్వాసమ్మ. "మా ఆయనకు మీసాలే మొలవలేదు. వాణ్ణేం చేద్దాం హులిగీ?"

"గట్టు మీదికి విసిరెయ్."

వల పట్టుకున్న విశ్వాసమ్మ మొగుడు వినీ విననట్టు మొహం తిప్పుకున్నాడు. ఆడవాళ్లు నీళ్లలో కూలబడేంత నవ్వారు.

గట్టు మీద కూర్చున్న హులిగెమ్మ అత్త సుంకమ్మ మాత్రం నవ్వలేదు. ఆమె చూపంతా చేతుల మీదే. "పుక్కిలి కడిగినావా, దాన్నట్లనే ఇసిరేస్తాండావు?"

గుమ్మరాళ్ల బెస్తలకు తాతల నాటి పద్ధతి అది. నీళ్లలోంచి తీసిన చేపను అలాగే బయట పడెయ్యరు. బొటనవేలితో నోరు తెరిచి, ఒకసారి నీళ్లలో జాడించి, అప్పుడు తీస్తారు. చేప పుక్కిట ఉన్న ముద్ద చెరువు పెట్టినది, దాన్ని చెరువుకే విడిచిపెట్టాలి. ఎత్తుకుపోతే పై ఏడు చెరువు పస్తు పెడుతుందని వాళ్ల నమ్మకం.

"పరాయి దానికి గూడా మర్యాదేనా పెద్దమ్మా?" అంది విశ్వాసమ్మ.

"తినింది మన చెరువు కూడే కదా" అంది సుంకమ్మ.

ఆ మాట హులిగెమ్మకు న్యాయంగానే తోచింది. పైగా కొన్ని జిలేబీలకు కడుపు లోపలికి పోయి, గొంతు కింద సంచీ కట్టినట్టు ఉబ్బి ఉండేది. మన పరిగెల నోటికాడి కూడు ఇవి ఎట్లా దోచి దాచుకున్నాయో అని ఆమెకు ఒళ్లు మండేది. అలాంటివాటిని మరీ గట్టిగా, రెండేసిసార్లు జాడించేది. ఒక్కోదాని నోట్లోంచి జొన్న నూకలాంటి పచ్చటి పలుకులు జారి బురదలో కలిసిపోయేవి. తర్వాత మెడ విరిచి గట్టెక్కించేది.

రోజులు గడిచేకొద్దీ గట్టు మీద ఎండుచేపల కుప్ప పెరిగింది, వలలో జిలేబీలు తగ్గాయి. ఒక రోజు వల మొత్తం లాగితే అన్నీ మీసాల చేపలే వచ్చాయి. నాగన్న ఒక గండిపరిగెను రెండు చేతులా ఎత్తి, ఎండలో దాని వెండి పొలుసులు అందరికీ చూపించి నీళ్లలోకి వదిలాడు.

"మా ఊరికి మా అక్క చేతులుంటే మాకీ గతి పట్టేది కాదు బావా" అన్నాడు, గనికి నాగా పెట్టి అక్క ఇంటికొచ్చిన నరసన్న, దగ్గి.

"మీ అక్కను మేం తెచ్చుకున్నప్పుడే మీ చెరువు చెడింది లేరా."

హులిగెమ్మ పైకి విసుక్కుంది గానీ, ఆ పూట అన్నం సహించింది.

మరునాడు ఊరి పాడి ఎనుములు మడుగులో దిగి ఉండగా వల వేశారు. ఒకే ఒక్క జిలేబి పడింది. గొంతు ఉబ్బిన ఆడది. ఎనుముల మధ్య నీటి అంచుకు పోవడానికి దారి లేక, హులిగెమ్మ గట్టు మీదే ఉన్న చట్టి ముందు కూర్చుంది. తాగడానికి బావి నుంచి తెచ్చుకున్న తేట నీళ్లు దాన్నిండా ఉన్నాయి. అందులోనే చేప నోరు తెరిచి జాడించింది.

నోట్లోంచి బురద రాలేదు. పిల్లలు వచ్చాయి.

మొదట నలకలనుకుంది. నలకలు ఈదవు. గోరంత లేని పిల్లలు వందకు తక్కువ లేవు, చట్టి నిండా పరుచుకున్నాయి. ఆమె చట్టి మీదికి వంగింది. వీపు రెక్క మొదట్లో ప్రతిదానికీ ఒక నల్ల చుక్క. పరిగె పిల్లకు చుక్క ఉంటే తోక దగ్గర ఉంటుంది. ఇవి పరిగెలు కావు.

ఆమె పట్టు వదిలింది. చేప చట్టిలోకి జారింది. అంతే, పిల్లలన్నీ ఒక్కసారిగా తిరిగి దాని తల చుట్టూ మూగాయి. చేప నోరు తెరిచింది. గడపలో ఆడుకుంటున్న పిల్లలు చీకటి పడగానే ఇంట్లోకి ఉరికినట్టు, ఒకదాని వెంట ఒకటి ఆ నోట్లోకి పోయాయి.

"యోవ్" అని పిలిచింది. "ఇట్లా రా."

నాగన్న వచ్చాడు. వెనక నరసన్న, విశ్వాసమ్మ, ఆఖరున కర్ర పొడుచుకుంటూ సుంకమ్మ. హులిగెమ్మ చట్టిని వాళ్ల వైపు జరిపింది. బొటనవేలితో చేప నోరు మళ్లీ తెరిచింది. పిల్లలు మళ్లీ వచ్చాయి.

"తిన్న పిల్లల్ని కక్కింది" అంది సుంకమ్మ.

"తిన్నవి ఈదుతాయా అత్తా?"

సుంకమ్మ కర్ర పట్టుకుని నెమ్మదిగా నేల మీద చతికిలబడింది.

నాగన్న అన్నీ కలిపి చూసుకున్నట్టున్నాడు. గట్టు మీది కుప్ప వైపు చూశాడు, మడుగు వైపు చూశాడు. "ఎన్నింటికి కడిగింటావే?"

"అన్నిటికీ" అంది హులిగెమ్మ.

ఆ పచ్చటి పలుకులు కూడు కాదు, గుడ్లు; చంపిన ప్రతి తల్లి పిల్లల్నీ ఆమే ముందు నీళ్లలో నాటింది. ఎంత శ్రద్ధగా ఏరిందో అంత శ్రద్ధగా నాటింది.

ఆమె చీర కొంగు నడుములోంచి లాగి మడుగులో దిగింది. విశ్వాసమ్మ రెండో కొస పట్టుకుంది. గుడ్డతో వడకడితే ఒక్కో దఫాకు గుప్పెడు నల్లచుక్కలు వచ్చాయి. ఎనుముల గిట్టలు దిగబడిన ప్రతి గుంటలోనూ మరో గుప్పెడు. గుంటలోంచి తీస్తుంటే నెర్రెల్లోకి జారాయి. పొద్దు వాలేదాకా ఇద్దరూ వడకట్టారు. చివరి గుడ్డ ఎంత బరువుగా వచ్చిందో మొదటిదీ అంతే బరువుగా వచ్చింది.

నాగన్న అప్పటికే ఊరిపెద్ద తిమ్మయ్య అరుగు ముందర నిలబడి ఉన్నాడు.

"బేతంచెర్ల బట్టీల్లో సున్నం దొరుకుతాదప్పా. మా పరిగెల్ని కుండల్లోకి తీసుకుంటాం. మడుగులో సున్నం పోస్తే తక్కిందంతా సచ్చిపోతాది."

తిమ్మయ్య కసురుకోలేదు. కూర్చోమన్నాడు. "సున్నం పోసిన నీళ్లలో ఎనుము మూతి పెడతాదా నాగన్నా?"

"పెట్టదు."

"ఊళ్లో వేరే మడుగు యాడన్నా ఉండాదా?"

తిమ్మయ్య చెప్పింది తప్పు కాదు. అదే నాగన్నను ఎక్కువ కుంగదీసింది. పోట్లాడి రావడానికి కూడా ఏమీ లేకుండా తిరిగొచ్చాడు.

రెండు పొద్దులు దాటకముందే పడమట ఆలూరు దిక్కున మబ్బు లేచింది. మధ్యాహ్నానికి వాన దిగింది. ఊరంతా వీధిలోకొచ్చి తడిసింది. ఆడవాళ్లు గంగాళాలు చూరు కింద పెట్టారు. వాగు నీళ్లు ఎర్రగా నురగలు కక్కుతూ వచ్చి మడుగును తాకాయి. మడుగు అంచులు చెరిగిపోయాయి. చూస్తుండగానే నీళ్లు నెర్రెల్ని నింపుతూ చెరువు పొడవునా పాకాయి.

బెస్తలు మాత్రం కట్ట మీద నిలబడి చూశారు. ఆ ఊళ్లో వాన పడ్డందుకు ఏడుపొచ్చిన మనుషులు వాళ్లొక్కరే.

హులిగెమ్మ వలను తీసి పిండుతోంది. పక్కనే మొగుడూ తమ్ముడూ గోనెపట్టా కప్పుకుని కూర్చున్నారు.

"గని లారీ ఊళ్లోకి వస్తాదా, మనమే రోడ్డుకు పోవాల్నా?" అని అడిగాడు నాగన్న.

"రోడ్డుకే పోవాల బావా."

నాగన్న తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. నీళ్లలో నాని నాని మెత్తబడిన చేతులవి.

"సుత్తి పట్టేటప్పుడు గుడ్డేమన్నా చుట్టుకుంటారా?"

నరసన్న దగ్గు ఆగేదాకా ఆగి చెప్పాడు. "చుట్టుకోగాకు బావా. చుట్టుకుంటే చెయ్యి ఎప్పటికీ గట్టిపడదు."