నేను అమ్మకు చదివి వినిపించింది

"నీ వ్యాసం తెరిస్తే గైడు వాసన వస్తుందమ్మా" అన్నారు మా తెలుగు మాస్టారు, క్లాసులో అందరి ముందూ. నలభై మంది నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఏడవాల్సి వచ్చేది.

పదో తరగతిలో నాకున్న గుర్తింపు ఒక్కటే, మూడో బెంచీలో గోడవైపు కూర్చునే పిల్ల. లెక్కల్లో మొదటి పిల్ల ఉంది, పరుగులో మొదటి పిల్ల ఉంది, పాటలు పాడే పిల్ల ఉంది. గోడవైపు పిల్ల ఒక రోజు బడికి రాకపోతే ఆ సంగతి గోడకు తప్ప ఎవరికీ తెలియదు. అందుకే స్కూలు పత్రిక కోసం 'నేను ఎవరు?' అని వ్యాసం పోటీ పెట్టినప్పుడు నాకు ఒళ్లు మండింది. ఎవరినో తెలిస్తే కదా రాయడానికి.

మాస్టారు మాత్రం ఊరుకోలేదు. మీ ఇంట్లో మీకు మాత్రమే తెలిసిన నిజం ఒకటుంటుంది, అది రాయండి అన్నారు. రాస్తుంటే చెయ్యి వణకాలట. వణకకపోతే అది కాపీయేనట.

అలాంటి నిజం నా దగ్గర ఒకటుంది. మా అమ్మకు చదవడం రాదు. అందులో వింతేమీ లేదు, చదవడం రానివాళ్లు చాలామంది ఉంటారు. అమ్మకు చదవడం రాదని ఆమె పనిచేసే చోట ఎవరికీ తెలియకపోవడం, అదీ అసలు సంగతి.

అమ్మ పెద్దాసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది. వార్డుల నుంచి దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషన్ గౌన్లు మూటలుగా కిందికి దిగుతాయి. ప్రతి మూటకూ ఒక చీటీ. అది ఏ వార్డుదో, మామూలుగా ఉతకాలో, అంటురోగం మూట అయితే విడిగా మరిగే నీళ్లలో వెయ్యాలో ఆ చీటీ మీద ఉంటుంది. చీటీ చూసి మూటలు వేరుచేసే బల్ల దగ్గర అమ్మ పని. ఏడో తరగతి చదివానని చెప్పి చేరింది. నాకు చదవడం వచ్చిన నెల తర్వాతే చేరింది, ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. రోజూ సాయంత్రం మర్నాటి డ్యూటీ కాగితమూ, కొత్తరకం చీటీ ఏదైనా వస్తే అదీ ఇంటికి తెచ్చేది. నేను చదివేదాన్ని. అమ్మ దాన్ని బొమ్మలా కళ్లలో పెట్టుకునేది. అక్కడ ఎవరైనా హఠాత్తుగా ఏదైనా చదవమంటే కళ్లజోడు ఇంట్లో మరిచిపోయానని చెప్పేది. మా ఇంట్లో కళ్లజోడు లేదు. ఎనిమిదేళ్లలో ఒక్క మూట కూడా తప్పు తొట్టిలోకి పోలేదు. నాన్న నా మూడో ఏటే పోయారు. ఈ రహస్యం మోయడానికి మిగిలింది మేమిద్దరమే.

ఒక ఆదివారం మధ్యాహ్నం, అమ్మ కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని నిద్రపోతుంటే, వంటింటి గట్టు మీద కాగితాలు పెట్టుకుని ఒక్క ఊపులో రాశాను. చెయ్యి నిజంగానే వణికింది. 'మా అమ్మ అక్షరాలను చదవదు, వీధిలో ఎదురైన మనుషుల్ని గుర్తుపట్టినట్టు గుర్తుపడుతుంది' అని రాసినప్పుడు నా మీద నాకే ముచ్చటేసింది. అది నా జీవితంలో నేను రాసిన మొదటి సొంత వాక్యం.

ప్రమాదం తెలియక రాశానని చెప్పుకోను. తెలుసు. లాండ్రీ వాళ్లకు మా స్కూలు పత్రిక ఎందుకు దొరుకుతుంది, దొరికినా ఎవరు చదువుతారు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కావాలనుకున్నదానికి కారణాలు వెతుక్కోవడం నాకు వ్యాసం రాయడం కంటే బాగా వచ్చు.

మొదటి బహుమతి వచ్చింది. మాస్టారు నన్ను మునగచెట్టు ఎక్కించారు. తొమ్మిదో తరగతిలో కూడా చదివి వినిపించారట. లెక్కల్లో మొదటి పిల్ల వచ్చి నా పక్కన కూర్చుంది. వారం రోజులు నేను గోడవైపు పిల్లను కాను. ఆ వారం ఎంత బావుందో చెప్పకపోతే ఇదంతా అబద్ధమవుతుంది.

పత్రిక ఇంటికి తెచ్చిన రోజు అమ్మ చేతులు తుడుచుకుని, పీట లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. నా గురించేనటగా, చదువు అంది. ఎవరో దారిలో చెప్పారట.

పేజీ తెరిచాను. అక్షరాలన్నీ నావే. అమ్మ ముఖం చూశాను. అప్పుడు కళ్లు కాగితం మీదే ఉంచి, నోటితో వేరే వ్యాసం మొదలుపెట్టాను. మా అమ్మ తెల్లవారకముందే లేస్తుంది, మా అమ్మ చేతులు నీళ్లలో నానిపోయినా మనసు ఎప్పుడూ వెచ్చగానే ఉంటుంది, మా అమ్మే నాకు మొదటి గురువు. అంతా గైడు సరుకే. అమ్మ నోరు కొంచెం తెరుచుకుని వింది. దుప్పటి నాలుగు మూలలూ కలిపి తను మడతపెట్టే పద్ధతి కూడా రాశావా అని అడిగింది. రాశానన్నాను. ఇంకోసారి చదవమంది. రెండోసారి చెబుతుంటే వాక్యాలు మారిపోయాయి. ఇందాక చివర్లో ఇంకేదో ఉన్నట్టుందే అంది. పేజీలు అంటుకుపోయాయమ్మా అన్నాను. సరేనని పత్రిక తీసుకుని, రెండు చేతులతో సాపు చేసి బీరువాలో పెట్టింది.

మర్నాడు బడి నుంచి వచ్చి చూస్తే బీరువాలో పత్రిక లేదు. అమ్మ పనిలో ఉంది. ఆసుపత్రి దాకా పరుగెత్తాను గానీ, అప్పటికే టీ వేళా, జరగాల్సిందీ అయిపోయాయి.

జరిగింది నాకు ఇస్త్రీ అక్క చెప్పింది. అదే లాండ్రీలో ఇస్త్రీ మిషను దగ్గర పనిచేస్తుంది, మాకు రెండిళ్ల అవతల ఉంటుంది. అమ్మ టీ వేళకు పత్రిక పట్టుకెళ్లి సూపర్‌వైజరు మేడమ్ చేతిలో పెట్టిందట. మా అమ్మాయి నా మీద రాసింది, అందరూ వినేలా చదవండి అని అడిగిందట. మేడమ్ నవ్వుతూ మొదలుపెట్టిందట. మూడో పేరాలో, అమ్మకు చదువు రాదన్న సంగతి లాండ్రీలో ఎవరికీ తెలియదు అన్న వాక్యం సగం చదివాక గానీ తను ఏం చదువుతోందో ఆమెకు తెలియలేదట. ఆగిపోయింది. ఇస్త్రీ అక్క ఇది చెబుతూ నా ముఖంలోకి చూడలేదు.

"ఆపొద్దు మేడమ్, చివరిదాకా చదవండి" అందట అమ్మ.

పద్దెనిమిది మంది మధ్య నిలబడి, నా వ్యాసాన్ని మా అమ్మ అప్పుడే మొదటిసారి వింది.

మేడమ్ చెడ్డది కాదు. చదవడం అయ్యాక కళ్లు తుడుచుకుందట కూడా. కానీ అంటురోగం మూటలు వేరుచేసే చోట చదవడం రాని మనిషి ఉండకూడదని నియమం. ఇప్పుడు ఆ సంగతి అందరికీ తెలిసింది కాబట్టి ఆమె చూసీచూడనట్టు ఊరుకోలేదు. మర్నాటి నుంచి అమ్మను తడి గదికి మార్చారు. తడిసిన దుప్పట్లు తొట్టెల్లోంచి ఎత్తి పిండే మిషన్లో వేసే పని అది. అక్కడ చీటీలుండవు. నీళ్లోడే బరువే ఉంటుంది. చెప్పడమంతా అయ్యాక ఇస్త్రీ అక్క నిట్టూర్చి, కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడుతుందని ఊరికే అనలేదు అని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం అమ్మ వచ్చి, రోజూలాగే పొయ్యి వెలిగించింది. నేను వెనకే నిలబడి క్షమించమ్మా అన్నాను. ఏడ్చాను. కోప్పడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. రెండింటికీ సిద్ధంగా ఉన్నాను.

"రాసినందుకు నేనేమీ అనను" అంది, గిన్నె కలుపుతూనే. "ఉన్నదే రాశావు. బాగా రాశావు కూడా. మరి నాకు చదివిందేంటి?"

అమ్మ గిన్నె మీద మూత పెట్టి నా వైపు తిరిగింది.

"ఎనిమిదేళ్లుగా నువ్వు చదివిందల్లా నిజమనుకున్నాను. నీ మార్కుల కాగితం మీద నువ్వు చెప్పినన్నే ఉన్నాయా?"

ఉన్నాయమ్మా అన్నాను. అది కూడా పూర్తిగా నిజం కాదు. ఎనిమిదో తరగతిలో ఒకసారి లెక్కల్లో వచ్చిన ఇరవై రెండుని యాభై రెండుగా చదివాను. ఆ ఒక్కసారే. కానీ ఒక్కసారేనని అమ్మకు ఇప్పుడు ఎలా రుజువు చెయ్యను? కాగితం చూపిస్తే సరిపోయే మనిషి కాదుగా ఆమె.

మాస్టారి దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను. ఆయన నిజం రాసేవాళ్లు మూల్యం చెల్లించక తప్పదమ్మా అన్నారు. చెల్లించింది నేను కాదు కదా సార్ అన్నాను. ఆయన ముందున్న నోటుపుస్తకాలు సర్దడం మొదలుపెట్టారు. నాకు ఆయన మీద కోపం రావాలి, రాలేదు. ఆయన రాయమన్నారే గానీ, అమ్మకు అబద్ధం చదవమని అనలేదు. ఊళ్లో ముక్కూ ముఖం తెలియని వాళ్లందరికీ నిజం పంచిపెట్టి, ఒక్క మనిషికి మాత్రం అబద్ధం చెప్పాను. ఆ మనిషికి నా నోరు తప్ప ఇంకో దారి లేదని నాకు తెలుసు. 'నేను ఎవరు' అన్నదానికి ఇంతకంటే సరైన జవాబు నాకు దొరకలేదు, కానీ దీన్ని ఏ పత్రికకూ ఇవ్వను.

చదవడం నేర్పుతానని అమ్మను బతిమాలాను. పలక కూడా కొన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని అమ్మ అనలేదు, అని ఉంటే బావుండేది. ఒంట్లో ఓపిక లేదులే అంది. నిజమే, తడి గది నుంచి వచ్చాక ఆమెకు చెయ్యెత్తి జుట్టు దువ్వుకునే ఓపిక కూడా ఉండడం లేదు. డ్యూటీ కాగితం ఇప్పుడు రాదు. సాయంత్రాలు మాకు మాట్లాడుకోవడానికి ఏమీ ఉండడం లేదు.

రెండు నెలలకు భుజం పట్టేసింది. అమ్మ ఆసుపత్రిలో చూపించుకుని, డాక్టరు రాసిచ్చిన కాగితంతో వచ్చింది. నేను గుమ్మంలోనే ఎదురెళ్లి చెయ్యి చాపాను. చిన్నప్పటి నుంచి ఉన్న అలవాటు.

అమ్మ ఒక్క క్షణం నా చేతిని చూసింది. ముఖంలో కోపం లేదు. కాగితాన్ని ఇంకో చేతిలోకి మార్చుకుని, నా పక్క నుంచి మేడ మెట్లు ఎక్కింది. పైన కుట్టుపని చేసే ఆవిడ ఉంటుంది, అమ్మతో ఎప్పుడైనా నీళ్ల దగ్గర పలకరింపులే తప్ప పెద్ద పరిచయం లేదు.

నేను మెట్ల కింద నిలబడ్డాను. కుట్టుమిషను ఆగింది. ఆవిడ ఒక్కో మాటా కూడబలుక్కుని చదవడం వినిపించింది. కుడి భుజం నరం వాచింది. రోజుకు రెండు మాత్రలు. ఆరు వారాలు బరువులు ఎత్తకూడదు.

"అంతేనా? ఇంకేమైనా ఉందా?" అంది అమ్మ.

అంతేనంది ఆవిడ. అమ్మ నమ్మింది.