స్టీరింగ్ పక్క సీటు

ఆ ఇంట్లో కారు తుడిచే గుడ్డలు వేరు, ఒళ్ళు తుడుచుకునే తువ్వాళ్ళు వేరు. ఒళ్ళు తుడుచుకునేవి గరుగ్గా ఉన్నా, చిరిగినా అడిగే నాథుడు లేడు. కారు గుడ్డలు మాత్రం విడిగా నానబెట్టాలి, విడిగా ఉతకాలి, దుమ్ము పడని చోట నీడలో ఆరేయాలి. ఒక్క ఇసుకరేణువు ఉన్నా రంగు మీద గీత పడుతుంది. పాత కార్ల పోటీ రేపనగా ఆవిడ పొద్దున్నే ఆ గుడ్డలే పిండుతోంది. సబ్బునీళ్ళు తగిలి వేళ్ళు భగ్గున మండుతున్నాయి. తోలు కుట్టిన వేళ్ళు కదా మరి, ఒక్కో వేలికీ సూది గుచ్చుకున్న గుర్తులే.

"మెత్తగా ఉన్నాయా?" అని షెడ్డులోంచి ఆయన కేకేశాడు.

"నా మాటకన్నా మెత్తగా ఉన్నాయి" అంది ఆవిడ.

ఆయన నవ్వలేదు. వినలేదేమో కూడా. ఆయన చెవులు ఆ సమయంలో హారన్ మీద ఉన్నాయి.

ఆ కారు ఇంటికి వచ్చిన రోజు చూడాలి. ఎవరిదో మూతపడ్డ గోదాములో ఏళ్ళ తరబడి పడి ఉన్నదాన్ని లారీకి కట్టి ఈడ్చుకొచ్చారు. తలుపు తీస్తే లోపల కోడి ఈకలు, ఎండిన రెట్టలు, సీట్ల స్థానంలో తుప్పు పట్టిన స్ప్రింగులు, వాటి మధ్య ఎలకల కాపురం. అత్తగారు వరండాలో కుర్చీలో కూర్చుని తాపీగా చూసి, "కారు కొంటానన్నాడు, కోళ్ళగూడు తెచ్చాడు" అంది. అత్తగారి నోటికి కొడుకని లేదు, కోడలని లేదు. ఆ రోజు అత్తాకోడళ్ళిద్దరూ కలిసి నవ్వారు. అలా నవ్వింది చాలా తక్కువసార్లు.

ఆయన మాత్రం ఆ కోళ్ళగూడు చుట్టూ ప్రదక్షిణం చేసినట్టు తిరిగాడు. దానికి రాణి అని పేరు పెట్టాడు. సెలవు రోజు పొద్దున షెడ్డులోకి వెళ్తూ "రాణీ" అని ఎంత ప్రేమగా పిలిచేవాడంటే, కొత్తలో ఆవిడ వంటింట్లోంచి ఒకటి రెండుసార్లు "ఆఁ, వస్తున్నా" అని పలికింది కూడా. గరిటె చేత్తో పట్టుకుని గుమ్మం దాకా వచ్చాక అర్థమయ్యేది, పిలుపు తనకి కాదని. వెనక్కి వెళ్ళి పొయ్యి మంట తగ్గించుకునేది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఏమని చెప్తుంది, కారుని పిలిస్తే నేను పలికానని?

ఇంజను పని మరిది చూసుకున్నాడు, అతనికి సొంత మెకానిక్ షెడ్డు ఉంది. రంగు పనికి మనిషిని పెట్టారు. సీట్ల దగ్గరికి వచ్చేసరికి బండి ఆగింది. అంత పాత పద్ధతిలో స్ప్రింగులు తాళ్ళతో కట్టి, పీచు పరిచి, దూది పేర్చి, తోలు తొడిగేవాళ్ళు ఇప్పుడెక్కడున్నారు? అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి, భార్య ఎవరి కూతురో.

ఆవిడ తండ్రి కుర్చీలకీ సోఫాలకీ సీట్లు కుట్టేవాడు. పిల్లగా ఉన్నప్పటినుంచీ తండ్రి పక్కన కూర్చుని దారాలకి మైనం రాసిందీ, వంకర సూది పట్టుకోవడం నేర్చుకున్నదీ ఆవిడే. పెళ్ళయిన కొత్తలో అత్తగారు చుట్టాల ముందు, "పరుపులు కుట్టే ఇంటి పిల్ల, మన పద్ధతులు మెల్లిగా వస్తాయిలే" అనేది. ఇరుగుపొరుగు వాళ్ళ బట్టలు కుడతానంటే ఇంటి పరువు పోతుందన్నారు తల్లీకొడుకులు. కుట్టుమిషను అటకెక్కింది. ఇన్నాళ్ళకి కారు కోసం దాన్ని ఆయనే దింపాడు, ఆయనే నూనె పోశాడు, షెడ్డులో మూల చోటిచ్చాడు. కారుకి కుడితే పరువు పోదు కాబోలు.

అయినా ఆవిడ సంతోషించింది. నిజం దాచడం దేనికి, ఆ పని మొదలుపెట్టాక ఆవిడ మొహంలో కళ వచ్చింది. వంట చేసి, అత్తగారికి మందులిచ్చి, గిన్నెలు కడిగి, ఇల్లు ఊడ్చి, అప్పుడు షెడ్డులో కూర్చునేది. నడుం పట్టేసేది. లేచి నిలబడాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చేది. అయినా తోలు చేతిలోకి తీసుకోగానే ఊపిరి నెమ్మదించేది. బట్టయితే తప్పు కుట్టినా విప్పుకోవచ్చు, ఉతికితే కన్నం పూడిపోతుంది. తోలు అలా కాదు. ఒక్కసారి సూది దిగిందంటే ఆ కన్నం అలాగే ఉంటుంది. అందుకే ప్రతి కుట్టుకీ ముందు ఒక్క క్షణం ఆగేది, తండ్రి ఆగినట్టు.

తండ్రిది ఇంకో పద్ధతి కూడా ఉంది. దూది పేర్చాక, తోలు తొడిగే ముందు, ఆ సీటులో కూర్చోబోయే మనిషిని పిలిచి కూర్చోబెట్టేవాడు. ఎక్కడ దిగుతున్నారు, ఎక్కడ వీపుకి ఆనడం లేదు, మోకాళ్ళ కింద అంచు నొక్కుతోందా అని చేత్తో తడిమి చూసి, అక్కడ దూది పెట్టి, ఇక్కడ తీసి, అప్పుడు మూసేవాడు. సీటంటే కూర్చునే మనిషికి చేసిన అచ్చు అనేవాడు. ఆవిడా అంతే చేసింది. స్టీరింగ్ ముందు సీటుకి భర్తని కూర్చోబెట్టింది. ఫోను చూసుకుంటూ, "అయిందా, ఇంకా ఎంతసేపు" అని సణిగాడు ఆయన. ఎడమవైపు కాస్త వాలి కూర్చోవడం అలవాటు ఆయనకి, అటు దూది గట్టిగా కూరింది.

పక్క సీటుకి మళ్ళీ పిలిస్తే ఆయన విసుక్కున్నాడు.

"నువ్వే కూర్చుని చూసుకో. ఎలాగూ అందులో కూర్చునేది నువ్వేగా. రాణి రోడ్డెక్కిన రోజు మొదట నిన్నే తిప్పుతాను."

ఏదో చేతిలో పని ఉండి, తలెత్తకుండా అన్న మాట అది. ఆవిడ దాన్ని పట్టుకుంది. తలుపేసుకుని పక్క సీటులో కూర్చుంది. పొట్టి మనిషి. ఆ ఇంట్లో సోఫాలో కూర్చుంటే కాళ్ళు గాలిలో వేలాడేవి, భోజనాల బల్ల దగ్గర కుర్చీ ఎత్తు, వంటింటి గట్టు ఎత్తు. అన్నీ వేరేవాళ్ళ కొలతకి చేసినవే. ఈ సీటు అంచు మాత్రం తన కాళ్ళు నేలకి ఆనేలా కిందికి దించింది. పట్టేసే నడుం దగ్గర చిన్న దిండులా ఎత్తు పెట్టింది, దాని కింద తనకి సరిపోయే పల్లం వదిలింది. తోలు తొడిగి మూసింది. ఆ ఇంట్లో ఆవిడ కొలతకి చేసిన వస్తువు అదొక్కటే.

ఇక అప్పటినుంచీ ఆ మొదటి తిరుగుడు కోసం ఎదురుచూపు. కూరలు తరుగుతూ కూడా అదే. ఏ వీధిలోంచి వెళ్తారు, అద్దం దించాలా వద్దా, మాట్లాడుకోవాలా ఊరికే కూర్చోవాలా. చిన్నపిల్లలా అనిపించి తనలో తనే సిగ్గుపడేది.

గుడ్డలు ఆరేసి లోపలికొచ్చేసరికి ఆయన అద్దం ముందు రేపటి చొక్కా పెట్టి చూసుకుంటున్నాడు.

"రేపు క్లబ్బు ప్రెసిడెంటు గారు మన కారులో వస్తానన్నారు. ఆయనే మార్కులు వేసేది, కాదంటే బాగుండదు. నువ్వు బస్సులో వచ్చెయ్" అన్నాడు.

"వెనక సీటుంది కదా?"

"వెనక ఎవరు కూర్చున్నా తోలు ముడతపడుతుంది. అంత కష్టపడి కుట్టావు, నువ్వే పాడుచేసుకుంటావా?"

కష్టం ఆవిడదేనని ఆయన ఒప్పుకున్న సందర్భం అదొక్కటే, అది కూడా ఆవిడని దింపెయ్యడానికి.

మర్నాడు డబ్బాలో అన్నం, మంచినీళ్ళు, ఆ మెత్తటి గుడ్డలు సంచిలో సర్దుకుని బస్సెక్కింది. నిలబడే వెళ్ళింది. మైదానంలో కార్లన్నీ వరసగా, చుట్టూ తాడు. నిజం చెప్పాలంటే వాటిలో రాణి అందమే అందం. ఎండలో ఆ నల్లరంగు మీద మబ్బులు కదులుతూ కనిపిస్తున్నాయి. తాడు కింద నుంచి దూరి, చక్రాల మీద దుమ్ము తుడుస్తూ కూర్చుంది ఆవిడ. ఎవరో కుర్రాళ్ళు పనిమనిషి అనుకుని, "ఏవమ్మా, ఆ అద్దం మీద కూడా ఒక గుడ్డ వెయ్యి" అన్నారు. వేసింది.

మార్కులు వెయ్యడానికి ప్రెసిడెంటు వచ్చాడు. ఎత్తయిన మనిషి. ఇంజను చూసి, పక్కనే ఉన్న మరిది భుజం తట్టాడు. వెనక సీటు మీద అరచేయి పెట్టి మెల్లిగా నిమిరాడు. వంగి, అంచు వెంబడి కుట్లని కళ్ళజోడు ఎత్తి మరీ చూశాడు.

"ఈ చెయ్యి ఎవరిదండీ? ఇలాంటి కుట్టు చూసి ఎన్నేళ్ళయిందో" అన్నాడు.

చక్రం దగ్గర ఆవిడ చేతిలో గుడ్డ ఆగిపోయింది. మరిది ఆవిడ వంక చూశాడు, నవ్వబోయాడు. అన్న ఏమంటాడా అని ఆగాడు.

"కానీ ముందు పక్క సీటే వచ్చే దారిలో చంపేసింది" అన్నాడు ప్రెసిడెంటు నడుం పట్టుకుని. "మధ్యలో గుంట, వీపులో ఏదో పొడుచుకుంటోంది, మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. అంత పనివాడు ఇదొక్కటీ ఎలా చెడగొట్టాడు?"

ఆయన తడుముకోలేదు. ఎప్పుడో కుట్టి పెట్టుకున్నట్టు చెప్పేశాడు.

"పెద్దాయనండీ, ముసలాయన. చివర్లో చూపు ఆనేది కాదు. ఆ సీటే ఆఖరు పని. పోయాడు పాపం."

"అయ్యో" అన్నాడు ప్రెసిడెంటు. ఇద్దరూ ఒక్క క్షణం తల దించుకున్నారు. మరిది తన బూట్ల వంక చూసుకున్నాడు. ఆవిడ చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, తన చావుకి వాళ్ళు మౌనం పాటిస్తుంటే చూసింది.

ఏడుపు రాలేదు. ఆశ్చర్యంగా ఉంది, అంతే. పక్కనే ఉన్నాను కదా, నీడ కూడా వాళ్ళ కాళ్ళ మీద పడుతోంది కదా అనుకుంది. సంచి తీసుకుని, డబ్బా మరిదికిచ్చి, "మీ అన్నయ్యకి పెట్టు" అని చెప్పి, బస్సు కోసం రోడ్డు వైపు నడిచింది.

"వదినా" అన్నాడు మరిది వెనకనుంచి.

సాయంత్రం ఆయన కప్పుతో వచ్చాడు. లోపలి పనికి ఇచ్చిన బహుమతి. దాన్ని టీవీ పక్కన పెట్టి, దూరం నుంచి చూసి, ఇంకాస్త ముందుకి జరిపాడు.

"ప్రెసిడెంటు గారిదీ ఒక పాత కారుంది. సీట్లన్నీ పోయాయట. నేను ఎలాగోలా చేయించి పెడతానని ఒప్పేసుకున్నాను. ముందు మన పక్క సీటు గుంట పూడ్చెయ్యి, తర్వాత అది మొదలుపెడుదువు గాని."

"ఎవరు కుడతారు?" అంది ఆవిడ గిన్నె తుడుస్తూ.

"అదేం ప్రశ్న? నువ్వే."

"కుట్టినాయన పోయాడని చెప్పారుగా."

ఆయన చెయ్యి విసిరాడు. "అబ్బా, మాటవరసకి అన్నాను. ఇంట్లో ఆడవాళ్ళతో కుట్టించానంటే నలుగురిలో తేలికైపోమూ? పైగా ఆ సీటు చెడింది. నీ పేరు చెడకూడదనే అలా అన్నాను. మీ నాన్న పేరు చెప్పినట్టయింది అనుకో, నీకేం తగ్గింది?"

"మా నాన్నకి ఆఖరిదాకా చూపు బాగానే ఉంది" అంది ఆవిడ.

వరండాలోంచి అత్తగారు అడిగింది. "ఎవర్రా పోయింది?"

"ఎవరూ పోలేదమ్మా."

"మన కారు సీట్లు కుట్టినాయనట, అత్తయ్యా" అంది ఆవిడ.

"అదేమిటే, కుట్టింది నువ్వు కదా" అంది అత్తగారు.

గొంతులో వెటకారం లేదు, ప్రేమా లేదు. ఉన్న మాట ఉన్నట్టు అనేసి, మళ్ళీ వీధిలోకి చూస్తూ కూర్చుంది. ఇన్నేళ్ళకి ఆ మాట ఆ ఇంట్లో ఒకరి నోటివెంట వచ్చింది. ఆవిడకి అప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన కప్పు మీది వేలిముద్ర చొక్కా అంచుతో తుడిచాడు.

గిన్నె బోర్లించి, చేతులు తుడుచుకుని ఆవిడ షెడ్డులోకి వెళ్ళింది. మిషను మీద ముసుగు కప్పింది. తండ్రి వంకర సూదిని గుడ్డలో చుట్టి నడుం దగ్గర దోపుకుంది. కారు తలుపు తీసి పక్క సీటులో కూర్చుంది. అరికాళ్ళు నేలకి ఆనాయి. నడుం దగ్గర ఆ ఎత్తు, దాని కింద పల్లం, ఎవరో రెండు చేతులతో పట్టుకున్నట్టు సరిగ్గా పట్టుకున్నాయి. కారు ఎటూ కదల్లేదు. ఎదురుగా గోడ, గోడకి వేలాడుతున్న పానాలు. ఆ మొదటి తిరుగుడు ఇంతే అనుకుంది. వీధులన్నీ ఆవిడకి ముందే తెలుసు, ఎన్నిసార్లు తిరిగిందో కూరలు తరుగుతూ.

కాసేపటికి ఆయన గుమ్మంలోకి వచ్చి, ముసుగు కప్పిన మిషను వంక చూశాడు.

"అందులో ఎందుకు కూర్చున్నావ్, ముడతపడదూ. ఎల్లుండి ప్రెసిడెంటు గారు కారు పంపిస్తారు. ఆయనకి ఏమని చెప్పను?"

ఆవిడ తల తిప్పలేదు.

"పోయాడనే చెప్పండి. ఈసారి అబద్ధం కాదు."